అరయు, మూడవ వంతును
(విజాతి భిన్నముల సంకలనమును గూర్చిన ప్రసంగ పాఠము)



నేటి ప్రసంగమునకు మేము ఎన్నుకొన్న విషయము బడిపిల్లల లెక్కల పుస్తకములో నాలుగైదు పుటలకు మించని ఒక చిన్న పాఠము. హారములు వేరువేరుగా నున్న భిన్నములను కూడుట ఎట్లు అనునదే ఆ పాఠము. ఇంతమాత్రపు విషయమునకు రేడియో ప్రసంగము కావలెనా యని శ్రోతలలో కొందరికి తోచవచ్చును. కొంతకాలము క్రిందటి వరకు మాకును అట్లే తోచెడిది. విశ్వవిద్యాలయ పట్టము పుచ్చుకొన్నవారము గదా, ఈ పాఠములో మాకు తెలియనిది ఏమున్నదని అనుకొనెడివారము. మా యింట జరిగిన ఒక చిన్న ముచ్చట మా అభిప్రాయమును మార్చినది. ఆ ముచ్చటనే మనవి చేసెదము.

ఒక ఆదివారము సాయంకాలము ఆరవ తరగతి చదువుచున్న మా అమ్మాయి నోటు పుస్తకము తెచ్చి మా ముందుంచినది. రెండింట ఒకటి, మూడింట ఒకటి, రెండును కలిసి ఎంత అనునది మొదటి లెక్క. దాని క్రింద ఆమె 2/5 అని వ్రాసినది. పైనున్న ఒకటియు ఒకటియు కలిసి రెండు. క్రిందనున్న రెండును మూడును కలిసి ఐదు. ఐదింట రెండు వంతులు. తక్కిన లెక్కలన్నియు ఇట్లే ఉన్నవి. మేము పుస్తకము మూసి, "ఇన్నాళ్ళూ బడికి వెళ్ళి నేర్చుకున్నది ఇదేనా?" అని గట్టిగా కసరితిమి. ఆమె బదులు చెప్పలేదు. తల వంచుకొని నిలువబడినది.

పిమ్మట మేము సూత్రము చెప్పితిమి. హారములకు కనిష్ఠ సామాన్య గుణిజము, అనగా పిల్లలు క.సా.గు. అని పిలుచు సంఖ్యను కనుగొనవలెను. దానిని ఒక్కొక్క హారముచే భాగించి, వచ్చిన దానితో లవమును గుణించి, ఆపై లవములను కూడవలెను. ఆమె మేము చెప్పినట్లే చేసినది. తొమ్మిది లెక్కలు సరిగా వచ్చినవి. మేము తృప్తి పొంది పత్రిక చేత బట్టుకొంటిమి.

మరునాటి సాయంకాలము చూచినచో మరల పాత కథయే. పైవి పైవానితో కూడినది, క్రిందివి క్రిందివానితో కూడినది. "నిన్ననే చెప్పాను గదా!" అంటిమి. "చెప్పారు నాన్నా. కానీ నాకు లెక్కలు రావు," అని ఆమె మెల్లగా అన్నది.

శ్రోతలారా, ఆ మాట మమ్ము కలవరపెట్టినది. లెక్క తప్పుట పెద్ద విషయము కాదు. నేడు తప్పినది రేపు దిద్దుకొనవచ్చును. కాని పదకొండేండ్ల పిల్ల తన్ను గూర్చి తానే ఇట్టి తీర్పు చెప్పుకొన్నచో, దానిని రద్దు చేయు న్యాయస్థానము ఎక్కడ నున్నది? ఎందరు పెద్దలు తమకు లెక్కలు రావని నవ్వుచు చెప్పుకొనుట మనము వినుట లేదు? వారిలో పలువురకు ఆ మాట మొదట నోట వచ్చినది ఈ భిన్నముల పాఠము దగ్గరనే అయి యుండును.

వసారాలో కూర్చుండి వత్తులు చేసికొనుచున్న మా తల్లిగారు ఇదంతయు వినుచున్నారు. ఆమె ఐదవ తరగతితో చదువు మానినవారు. "దాన్ని ఎందుకురా అలా కసురుతావు? అలా ఎందుకు వేశావమ్మా అని ఒక్కసారైనా అడిగావా?" అనిరి. నిజమే, మేము అడుగలేదు. అప్పుడు అడిగితిమి.

అమ్మాయి కొంతసేపు తటపటాయించి ఇట్లు చెప్పినది. "మా బడిలో రెండు చిన్న పరీక్షలు పెట్టారు. మొదటిదాంట్లో రెండు ప్రశ్నలు. నాకు ఒకటి వచ్చింది. రెండోదాంట్లో మూడు ప్రశ్నలు. అందులోనూ ఒకటే వచ్చింది. టీచరుగారు రెండూ కలిపి ఐదుకి రెండు అని వేశారు. నేనూ అలాగే కలిపాను. అది ఒప్పయితే ఇది తప్పెలా అవుతుంది నాన్నా?"

మాకు వెంటనే బదులు తోచలేదు. పిల్ల బుద్ధిహీనతచే చేసినదని మేము తలచిన పని వెనుక ఇంత ఆలోచన యున్నది. ఆమె లెక్క తప్పు కాదు. అది వేరొక ప్రశ్నకు సరియైన సమాధానము. పరీక్షల లెక్కలో మొదటి భిన్నము రెండు ప్రశ్నలను గూర్చినది, రెండవది వేరుగా మూడు ప్రశ్నలను గూర్చినది. రెండును కలిపినప్పుడు మొత్తము ఐదు ప్రశ్నలైనవి. కనుక అక్కడ హారములు కూడుట న్యాయమే. పుస్తకములోని లెక్క అట్టిది కాదు. అక్కడ సగమును, మూడవ వంతును ఒకే పరిమాణము నుండి తీసినవి. ఒకే రూపాయి, ఒకే ఎకరము, ఒకే పళ్ళెములోని మైసూరుపాకు. భాగములు కలిసినంత మాత్రమున మొత్తము పెరుగదు.

ఈ భేదము చెప్పి ఊరకుండక, ఒక పరీక్షయు చూపితిమి. "నీ దగ్గర అర్ధరూపాయి ఉంది. ఎన్ని పైసలు?" "యాభై." "దానికి ఇంకొంత చేర్చాను. పెరుగుతుందా, తరుగుతుందా?" "పెరుగుతుంది." "మరి నువ్వు వేసిన ఐదింట రెండు వంతులు ఎన్ని పైసలు?" ఆమె వ్రేళ్ళపై లెక్కించి, "నలభై," అని ఫక్కున నవ్వినది. యాభైకి మరికొంత చేర్చగా నలభై అగుట ఆమెకును వింతగా తోచినది. ఆ రెండు దినములలో ఆమె నవ్వుట అదే మొదటిసారి.

తప్పు తెలిసినది. ఇక ఒప్పు ఏది? ఇక్కడ మా తల్లిగారు మాకంటె మంచి ఉపాధ్యాయురాలైనారు. అటక మీదనుండి ఇత్తడి మానికను, సోలను దింపించిరి. ఇవి నేడు బజారులో చెల్లు కొలతలు కావు. కాని మెట్రిక్ కొలతలు రాకపూర్వము మన కోస్తా జిల్లాల పల్లెలలో ధాన్యము కొలిచినది వీనితోనే. నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచము. మా తల్లిగారు మానికెడు బియ్యము ఒక ప్రక్కను, సోలెడు బియ్యము ఒక ప్రక్కను పోసి, "అమ్మలూ, ఇవి రెండూ కలిపితే ఎంతే?" అని అడిగిరి.

"రెండు," అన్నది అమ్మాయి.

"రెండు ఏమిటి? మానికలా, సోలలా?"

అమ్మాయి ఆలోచనలో పడినది. రెండు మానికలనిన ఎక్కువ, రెండు సోలలనిన తక్కువ.

"మానికకి నాలుగు సోలలు కదుటే. అన్నీ సోలల్లోకి మార్చి చెప్పు."

"ఐదు సోలలు!"

శ్రోతలారా, పాఠములోని కిటుకు అంతయు ఇందే యున్నది. భిన్నములో క్రిందనున్న హారము కొలపాత్ర పేరు వంటిది. పైనున్న లవము ఆ పాత్రతో ఎన్నిసార్లు కొలిచితిమో చెప్పు సంఖ్య. మానిక యనగా కుంచములో నాలుగవ వంతు. సోల యనగా పదునారవ వంతు. 1/4, 1/16 కూడుమనిన మానికను, సోలను కూడుమనుటయే. మానికను నాలుగు సోలలుగా మార్చుట 1/4 ను 4/16 గా వ్రాయుటయే. అప్పుడు 4/16, 1/16 కలిసి 5/16 అగును. పాత్ర పేరు ఒకటే అయినప్పుడు లెక్కించుట తప్ప వేరు పని లేదు. లవములను కూడుదుము, పేరును కూడము. ఐదు సోలలని యందుము గాని, సోలయు సోలయు కలిసి పెద్ద సోల అయినదని అనము గదా! ఇందుచేతనే హారములు ఒకటిగా నున్నవానిని సజాతి భిన్నములనియు, వేరుగా నున్నవానిని విజాతి భిన్నములనియు మన పుస్తకములు పేర్కొన్నవి. విజాతులను సజాతులుగా మార్చుటయే అసలు పని. కూడిక దాని తరువాతిది, సులభమైనది.

అయితే సగమును, మూడవ వంతును కొలుచుటకు మానికయు సోలయు చాలవు. కుంచము మొదలు గిద్దె వరకు మన పాత్రలన్నియు రెండేసి, నాలుగేసి పాళ్ళుగా విడిపోవును గాని మూడు పాళ్ళుగా విడిపోవు. కొత్త పాత్ర నొకదానిని మనమే చేసికొనవలెను. మేము ఒక కాగితము తీసికొని, దీర్ఘ చతురస్రాకారమున మైసూరుపాకు పళ్ళెము గీసితిమి. అడ్డముగా ఒక గీత గీసినచో రెండు వరుసలైనవి. ఒక్కొక్క వరుస సగము. నిలువుగా రెండు గీతలు గీసినచో మూడు నిలువు వరుసలైనవి. ఒక్కొక్కటి మూడవ వంతు. ఇప్పుడు పళ్ళెములో మొత్తము ఆరు ముక్కలున్నవి. "సగానికి ఎన్ని ముక్కలు?" "మూడు." "మూడవ వంతుకి?" "రెండు." "కలిపి?" "ఐదు. ఆరింట ఐదు!" అని ఆమె తనంత తానే 5/6 అని వ్రాసినది. ఆరు ఎక్కడినుండి వచ్చినదో ఆమెకు ఎవరును చెప్పనక్కరలేకపోయినది. సగమునకును మూడవ వంతునకును సరిపోవు ముక్క ఆరవ వంతు. క.సా.గు. అను మూడక్షరముల మంత్రమునకు అర్థము ఇదియే.

ఇంకొక లెక్క చూతము. 1/6, 1/4 కూడవలెను. హారములను ఒకదానితో నొకటి గుణించినచో 24 వచ్చును. 4/24, 6/24 కలిసి 10/24. ఇది తప్పు కాదు. కుదించినచో 5/12 అగును. కాని 12 నే ముందుగా తీసికొన్నచో 2/12, 3/12 కలిసి నేరుగా 5/12 వచ్చును. 24 చేత గూడ సరియైన జవాబే వచ్చును. 12 చేత పని తేలిక యగును. క.సా.గు. కనుగొనుట శ్రమ తగ్గించుకొను ఉపాయము మాత్రమే. పెద్ద హారము తీసికొన్న పిల్లవానిని తప్పు చేసినవానిగా ఎంచరాదు.

ఈ లెక్క నేర్చుటకు ప్రతి యింటను ఒక ఉపకరణము గోడకు వ్రేలాడుచున్నది. అదియే గడియారము. మా వంటి రేడియో ఉద్యోగులకు గడియారమే యజమాని. పావుగంట ప్రసంగము, గంటలో ఆరవ వంతు వార్తలు. రెండింటికి ఎంత కాలము? పదునైదును పదియు కలిసి ఇరువది యైదు నిమిషములు. పైని లెక్కలోని 5/12 ఇదే. అరగంటయు, గంటలో మూడవ వంతును కలిసినచో ముప్పదియు ఇరువదియు, ఏబది నిమిషములు. ఆరింట ఐదు వంతులు. గంటకు 60 నిమిషములను పద్ధతి ప్రాచీన బాబిలోనియా వారి అరువది మూలముగా గల సంఖ్యామానము నుండి వచ్చినది. 60 ని 2, 3, 4, 5, 6 అను సంఖ్యలన్నియు నిశ్శేషముగా భాగించును. అనగా అరువది ఒక ఉదారమైన సామాన్య హారము. మన పాత రూపాయి సంగతియు చూడుడు. 1957 ఏప్రిల్ 1 న దశాంశ నాణెములు వచ్చువరకు రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు, మొత్తము 192 పైలు. పదునారు అణాలను ముగ్గురకు సమముగా పంచలేము. 192 పైలను పంచిన తలకు 64 పైలు, అనగా 5 అణాల 4 పైలు వచ్చును. నూరు పైసలను ముగ్గురకు పంచిన ఒక పైస మిగులును.

ఈ చిక్కు మన అమ్మాయిది మాత్రమే కాదు; మానవజాతి అంతయు పడినదే. క్రీస్తు పూర్వము సుమారు 1650 లో ఆమెస్ అను ఈజిప్టు లేఖకుడు నకలు వ్రాసిన గణిత పత్రమొకటి నేడు లండనులోని బ్రిటిష్ మ్యూజియములో నున్నది. ఈజిప్టువారు మూడింట రెండు వంతులకు తప్ప, తక్కిన భిన్నములన్నిటిని లవము ఒకటిగా గల ముక్కలుగానే వ్రాసెడివారు. ఐదింట రెండును 1/3, 1/15 అని విడదీసి చూపిరి. ఆరింట ఐదును ఆ పద్ధతిలో 1/2, 1/3 అని ప్రక్కప్రక్కన వ్రాయవచ్చును. మా అమ్మాయిని ఏడిపించిన లెక్క వారికి లెక్కయే కాదు, ఒక సంఖ్యకు పేరు!

మన దేశమున క్రీస్తు శకము సుమారు 850 లో, రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలమున, మహావీరాచార్యుడు గణితసారసంగ్రహమును రచించి, హారముల కనిష్ఠ సామాన్య గుణిజమునకు 'నిరుద్ధ' మని పేరు పెట్టి, దానిని కనుగొను విధమును తెలిపెను. ఆ గ్రంథమును పావులూరి మల్లన తెనుగున పద్యములుగా రచించెను. ఆయన 11వ శతాబ్దివాడని సాహిత్య చరిత్రకారులు చెప్పుదురు. 1150 లో భాస్కరాచార్యుడు లీలావతిలో ఒకదాని హారముచే వేరొకదాని లవహారములను గుణించి సమచ్ఛేదము చేయవలెననియు, బుద్ధిమంతుడు హారములను ముందుగా కుదించుకొని గుణించవచ్చుననియు చెప్పెను. ఇందాక మేము 24 కు మారుగా 12 తీసికొన్న ఉపాయము ఇదియే. ఇంతటి పెద్దలు ఇంత శ్రద్ధతో విధించిన విషయము పిల్లలకు ఒక్క సాయంకాలమున రాలేదని కోపించుట తగునా?

ఇక చివరగా పలువురు విన్న కథ ఒకటి చెప్పెదము. ఒక వర్తకుడు 17 ఒంటెలను విడిచి, పెద్దకుమారునికి సగము, రెండవవానికి మూడవ వంతు, కడపటివానికి తొమ్మిదవ వంతు చెందవలెనని వీలునామా వ్రాసి మరణించెను. పదునేడింట సగమెట్లు? అన్నదమ్ములు కలహించుచుండగా ఒక వృద్ధుడు తన ఒంటెను తెచ్చి కలిపెను. పదునెనిమిదైనవి. పెద్దవానికి 9, రెండవవానికి 6, మూడవవానికి 2. మొత్తము 17. వృద్ధుడు తన ఒంటె నెక్కి వెడలిపోయెను.

ఈ కథ వినినవారందరు వృద్ధుని యుక్తిని మెచ్చుకొని ఊరకుందురు. మేమును చిన్ననాటి నుండి అట్లే చేసితిమి. మా అమ్మాయికి చెప్పినప్పుడు ఆమె మెచ్చుకొనలేదు. కాగితము తీసికొని మూడు భిన్నములను వ్రాసినది. 2, 3, 9 అను హారములకు 18 సరిపోవునని తానే కనుగొన్నది. 9/18, 6/18, 2/18. కూడగా 17/18. కొంతసేపు దానిని చూచి, "నాన్నా, ఆ తండ్రి అంతా పంచలేదు. పద్దెనిమిదింట ఒక వంతు మిగిలిపోయింది. అది ఎవరికి రాశాడు?" అని అడిగినది.

ఎవరికిని వ్రాయలేదు. కథలోని మాయ అంతయు అక్కడనే యున్నది. వాటాలన్నియు కూడినను ఒకటి కాలేదు. వృద్ధుని ఒంటె తిరిగి వచ్చుటకు కారణము అదియే. ఇన్నేండ్లుగా కథ చెప్పుచున్న మేము ఆ భిన్నములను ఒక్కనాడును కూడి చూడలేదు. తనకు లెక్కలు రావన్న పిల్ల కూడి చూచినది.

తల్లిదండ్రులకు మా విన్నపము ఇంతమాత్రమే. పిల్లలు భిన్నములు తప్పుగా కూడినప్పుడు సూత్రము చెప్పుటకు ముందు, అట్లు ఎందుకు చేసిరో అడుగుడు. వచ్చిన జవాబు మొదటి భిన్నము కంటె పెద్దదియా, చిన్నదియా యని చూచుకొనుట అలవాటు చేయుడు. ఇంటిలోని గ్లాసులు, గడియారము, మడత పెట్టిన కాగితము ముందుంచి, ఒకే కొలతకు మార్చుట చేతులతో చేయనిండు. సూత్రము ఆ తరువాత రావచ్చును. అప్పుడు అది నిలుచును.

మా యింట ఆ ఇత్తడి మానికయు, సోలయు మరల అటక ఎక్కలేదు. అవి ఇప్పుడు అమ్మాయి చదువుకొను బల్లమీద నున్నవి.